మిక్కీ మౌస్‌కి నాలుగే వేళ్ళు ఎందుకు? – వాల్ట్ డిస్నీ జీవిత కథ



పోయిన సంచికలో పదో తరగతి అన్నలు అల్లూరి సీతారామరాజు గురించి రాశారు. ఈసారి నా వంతు వచ్చింది. నేను ఒక బొమ్మలాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు వాల్ట్ డిస్నీ. మిక్కీ మౌస్‌ని చూడనివాళ్ళు మన హాస్టల్లో ఎవరూ లేరు. సగం మంది కంపాస్ బాక్సుల మీద అదే ఉంది. కానీ దాన్ని తయారుచేసినాయన ఎవరో, ఎలా బతికాడో మొన్నటిదాకా నాకూ తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్తాను.

నవంబరులో మనల్ని ఏలూరు మీదుగా కైకలూరు దగ్గర ఆటపాకకి తీసుకెళ్ళారు కదా. కొల్లేటిలో చెట్ల మీద గూడబాతులు గుంపులు గుంపులుగా కూర్చుని ఉంటే బోటులోంచి చూశాం. తిరిగొచ్చాక కంప్యూటర్ సారు ఒక్కో గ్రూపుకి ఒక నిమిషం బొమ్మల సినిమా చేయమన్నారు. మా గ్రూపు గూడబాతు చేప పట్టడం తీసుకుంది. బొమ్మ గీసే పని నాది. రెండు వారాలు కూర్చుని గీశాను. ఒక్కో ఈకా విడిగా వేశాను. ముక్కు కింద సంచి, మెడ మీద రేగిన వెంట్రుకలు, పైముక్కు మీద వరసగా ఉండే చుక్కలు, ఏదీ వదల్లేదు. అందరూ భలే ఉందన్నారు. నేనూ కాలరెగరేశాను.

తర్వాత లెక్క వేస్తే కళ్ళు తిరిగాయి. బొమ్మ కదలాలంటే తక్కువలో తక్కువ సెకనుకి 12 బొమ్మలు కావాలి. నిమిషానికి 720. నాకు ఒక బొమ్మకి రెండు గంటలు పడుతుంది. అంటే 1440 గంటలు. స్టడీ అవర్స్ అన్నీ దానికే పెట్టినా పదో తరగతి అయిపోతుంది గాని బాతు నీళ్ళలో దిగదు.

సంక్రాంతి సెలవుల్లో తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ మా బావ ఫ్లెక్సీల షాపులో పనిచేస్తాడు. పొద్దస్తమానం కంప్యూటర్ మీద బొమ్మలు కత్తిరించి అతికించడమే ఆయన పని. నా కాగితం చూసి మెచ్చుకున్నాడు గాని, దీన్ని కదిలించాలనుకునేవాడు ఏడుస్తాడని కూడా అన్నాడు. కంప్యూటర్లో గీసిన ప్రతి గీతా కొన్ని చుక్కల్ని కలిపిందేనట. ఈకలు ఎక్కువైతే చుక్కలు ఎక్కువ, చుక్కలు ఎక్కువైతే పని ఎక్కువ, పాత మిషనైతే మూలుగుతుంది. చెప్పిందంతా చెప్పి, మిక్కీ మౌస్‌కి నాలుగే వేళ్ళు ఎందుకున్నాయో తెలుసా అని అడిగాడు. నాకు తెలీదు. ఆయన చెప్పకుండా నవ్వి ఊరుకున్నాడు. ఆ కోపంతో వచ్చి మన లైబ్రరీలో పుస్తకం వెతికాను, మిగతాది కంప్యూటర్ సారు దగ్గర తెలుసుకున్నాను. ఇంక కథలోకి వద్దాం.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబరు 5న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. నాన్న పేరు ఇలయాస్. 1906లో కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ అనే పల్లెకి వెళ్ళి వ్యవసాయం చేసింది. పందులు, కోళ్ళు, గుర్రాలు, పక్కనే రైలు పట్టాలు. మనోడికి బొమ్మల పిచ్చి అక్కడే పట్టింది. ఒకసారి చెల్లెలితో కలిసి తారు తీసుకుని ఇంటి తెల్లగోడ మీద బొమ్మలు గీసేశాడు. తారు కదా, పోలేదు. ఇంట్లో బాగా పడ్డాయి. (గోడ మీద బొమ్మలతో మొదలైనాయన గురించి గోడపత్రికలో రాయడం తప్పు కాదనుకుంటాను.) ఊళ్ళో ఒక ముసలి డాక్టరు గారు తన గుర్రం బొమ్మ వేయించుకుని చేతిలో డబ్బులు పెట్టాడు. బొమ్మకి డబ్బులొస్తాయని అప్పుడే తెలిసింది ఆ పిల్లాడికి.

వ్యవసాయం గిట్టలేదు. పొలం అమ్ముకుని 1911లో కాన్సాస్ సిటీకి వచ్చేశారు. నాన్న పేపర్లు వేసే కాంట్రాక్టు తీసుకున్నాడు. వాల్ట్, వాళ్ళన్న రాయ్ తెల్లవారుజామున లేచి మంచులో ఇంటింటికీ పేపర్లు వేసేవాళ్ళు. ఇలా ఆరేళ్ళు. బళ్ళో నిద్రపోయేవాడట. మనకి అయిదింటికి బెల్లు కొడితేనే ఎంత గొడవ చేస్తామో గుర్తు తెచ్చుకోండి. పదహారేళ్ళప్పుడు పుట్టిన సంవత్సరం దిద్ది రెడ్ క్రాస్‌లో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం అయిపోయింది. అక్కడ అంబులెన్సు నడుపుతూ, దాని మీద కూడా బొమ్మలు గీశాడు.

1919లో తిరిగొచ్చి కాన్సాస్ సిటీలో ప్రకటనల బొమ్మలు వేసే చోట పనికి కుదిరాడు. అక్కడ అబ్ ఐవర్క్స్ అనే తన ఈడు కుర్రాడు కలిశాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. నా కథలో సగం హీరో ఇతనే. మాట తక్కువ, చెయ్యి మహా వేగం.

1920లో వీళ్ళిద్దరూ సినిమా హాళ్ళకి ప్రకటనలు తీసే కంపెనీలో చేరారు. అక్కడ మనిషి బొమ్మని కాగితం మీద గీసి, కాళ్ళు చేతులు విడివిడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర బిగించి, కొంచెం జరిపి ఒక ఫొటో, ఇంకొంచెం జరిపి ఇంకో ఫొటో తీసేవారు. ఇది చదవగానే నాకు మన తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఇప్పటికీ ఆ కళాకారులున్నారు. తోలుబొమ్మలో కూడా తల, చేతులు, కాళ్ళు వేరే వేరే ముక్కలే. తాడుతో కీళ్ళు కడతారు. హనుమంతుడి ఒంటి మీద నగలూ రంగులూ ఎన్నున్నా ఆడించేవాడికి బరువు కాదు, ఎందుకంటే అవన్నీ ఒక్కసారే చెక్కారు. కదిలేది కీళ్ళ దగ్గరే. ఇప్పుడు కంప్యూటర్లో చేసేది కూడా ఇదే పద్ధతి. ఒక్కో ముక్కా విడిగా గీసి కీలు పెట్టి తిప్పుతారు. అమెరికావాళ్ళకన్నా ఎంతో ముందు మనవాళ్ళకి ఇది తెలుసు. మనవాళ్ళు కెమెరా ముందు పెట్టలేదు అంతే.

వాల్ట్‌కి కత్తిరించిన బొమ్మలు నచ్చలేదు. కదలిక మెత్తగా ఉండదని. కాన్సాస్ సిటీ లైబ్రరీలో ఎడ్విన్ లుట్జ్ రాసిన యానిమేషన్ పుస్తకం దొరికింది. కదలని ఒళ్ళు ఒకసారి గీసి, కదిలే చెయ్యి మాత్రం మళ్ళీ మళ్ళీ గీసుకుంటే చాలని అందులో ఉంది. కంపెనీ కెమెరా అడిగి తెచ్చుకుని, పని అయ్యాక రాత్రిళ్ళు గ్యారేజీలో సొంతంగా తీయడం మొదలుపెట్టాడు. 1922లో సొంత కంపెనీ పెట్టాడు, 1923కల్లా దివాలా తీసింది. అద్దె కట్టలేక ఆఫీసులోనే పడుకుని, వారానికోసారి రైల్వేస్టేషన్‌లో డబ్బులిచ్చి స్నానం చేసేవాడు. ఆ ఏడాదే రైలెక్కి హాలీవుడ్ వెళ్ళిపోయాడు. అన్న రాయ్ తోడయ్యాడు. అన్న లెక్కలు చూసేవాడు, తమ్ముడు బొమ్మల సంగతి చూసేవాడు. కొన్నాళ్ళకి ఐవర్క్స్‌ని కూడా పిలిపించుకున్నారు.

1927లో ఓస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ చేశారు. బాగా ఆడింది. 1928 మొదట్లో ఇంకొంచెం డబ్బు అడుగుదామని వాల్ట్ న్యూయార్క్ వెళ్తే పంపిణీదారు ఇంకా తగ్గించి ఇస్తానన్నాడు. పైగా వాల్ట్ దగ్గర గీసేవాళ్ళలో చాలామందిని చాటుగా తన వైపు లాగేసుకున్నాడు. కుందేలు మీద హక్కు కూడా వాల్ట్‌ది కాదు, యూనివర్సల్ కంపెనీదట. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అది చూసుకోలేదు. సొంత చేత్తో పెంచిన కుందేలుని వేరేవాళ్ళకి వదిలేసి ఉత్త చేతులతో వచ్చాడు. ఐవర్క్స్ మాత్రం వెళ్ళలేదు.

ఇక్కడ పుట్టింది మిక్కీ. మిగతావాళ్ళు పాత కుందేలు సినిమాలు పూర్తిచేస్తుంటే, వాళ్ళకి తెలియకుండా ఐవర్క్స్ ఒక్కడే కూర్చుని గీశాడు. డబ్బు లేదు, మనుషులు లేరు, టైము లేదు. అందుకని బొమ్మే తేలిగ్గా ఉండాలి. మిక్కీని ఒకసారి దగ్గరగా చూడండి. తల ఒక గుండ్రం. చెవులు రెండు గుండ్రాలు. ఒళ్ళు జామకాయలాగా. కాళ్ళు చేతులు నీళ్ళ ట్యూబుల్లాగా, మోచెయ్యి లేదు, మోకాలు లేదు, ఎటు కావాలంటే అటు వంగుతాయి. చెవుల సంగతి ఇంకా తమాషా. తల ఎటు తిప్పినా అవి గుండ్రంగానే ఉంటాయి. నిజం ఎలక చెవి అలా ఉండదు, పక్కనుంచి చూస్తే సన్నగా అయిపోతుంది. వాళ్ళకి అది అక్కర్లేదు. రూపాయి బిళ్ళ చుట్టూ గీసినా చెవి వచ్చేస్తుంది.

వేళ్ళ సంగతీ అంతే. ఒక చేతికి బొటనవేలుతో కలిపి నాలుగు. అయిదైతే చిన్న చేతిలో అరటిగెలలాగా ఇరుకైపోతాయి, చూడ్డానికి బాగోవు. పైగా ఒక్క వేలు తగ్గితే సినిమా మొత్తం మీద కొన్ని వేల గీతలు మిగులుతాయి. ఆరేడు నిమిషాల సినిమాకి సుమారు పదివేల ఫ్రేములు ఉంటాయి మరి. మా బావ నవ్వు దీనికే. తెల్ల చేతితొడుగులు 1929లో వచ్చాయి. నల్లటి ఒంటి ముందు నల్లటి చెయ్యి కనపడటం లేదని తొడిగారు. చూశారా, తీసేయడమే కాదు, కావాల్సిన చోట కలిపారు కూడా.

ఐవర్క్స్ రోజుకి 700 బొమ్మల దాకా గీసి మొదటి మిక్కీ సినిమా ప్లేన్ క్రేజీని సుమారు రెండు వారాల్లో ముగించాడని చెబుతారు. నేను రెండు వారాల్లో ఒక బాతు గీశాను! ఆ సినిమాని ఎవరూ కొనలేదు. అప్పుడే సినిమాలకి మాటలొస్తున్నాయి. వాల్ట్ ధైర్యం చేసి స్టీమ్‌బోట్ విల్లీ అనే సినిమాకి శబ్దం పెట్టించాడు. మిక్కీ గొంతు ఆయనదే. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లో వేశారు. ఇంక వెనక్కి చూసుకోలేదు.

ఒక్క మాట చెప్పాలి. జనానికి వాల్ట్ పేరే తెలిసింది. గీసింది ఐవర్క్స్. కథ చెప్పేది, జనాన్ని పట్టేది వాల్ట్ కాబట్టి ఆయన లేకపోతే మిక్కీ లేదు, ఒప్పుకుంటాను. కానీ గీసినవాడికి కూడా మనసుంటుంది కదా. 1930లో ఐవర్క్స్ వెళ్ళిపోయి సొంత స్టూడియో పెట్టుకున్నాడు. పదేళ్ళ తర్వాత 1940లో తిరిగొచ్చాడు. ఈసారి బొమ్మలు గీయడానికి కాదు, మిషన్లు తయారుచేయడానికి. అది ముందుకొస్తుంది.

తర్వాత వాల్ట్ ఆశ పెరిగింది. గుండ్రాలు చాలవు, నిజంలాగా ఉండాలన్నాడు. 1937 డిసెంబరులో స్నోవైట్ పూర్తి నిడివి సినిమాగా వచ్చింది. సుమారు 15 లక్షల డాలర్లయ్యింది. ఇల్లు కూడా తాకట్టు పెట్టాడు. అందరూ పిచ్చి పనన్నారు గాని డబ్బులు వరదలాగా వచ్చాయి. 1942లో బాంబీ అనే జింకపిల్ల సినిమా. దానికోసం నిజం జింకపిల్లల్ని స్టూడియోకి తెచ్చి పెంచి, వాటి నడక చూసి గీశారు. మన పాపికొండల్లో దుప్పుల్ని చూసినవాళ్ళకి తెలుసు, కొమ్ములున్న దుప్పి తల తిప్పితే ఒక్కో కొమ్మూ ఒక్కోలా కనపడుతుంది. గీసి గీసి తప్పులొచ్చేవి వాళ్ళకి. చివరికి కొమ్ముల నమూనా ఒకటి చేసి, దాన్ని తిప్పుతూ ఫిల్ము తీసి, దాని మీదనుంచి దించుకున్నారు.

1941లో స్టూడియోలో సమ్మె జరిగింది. జీతాలు కొందరికి ఎక్కువ, కొందరికి మరీ తక్కువ, తెర మీద చాలామంది పేర్లు ఉండవు, యూనియన్‌ని ఒప్పుకోరు. వాల్ట్ దీన్ని బాగా పట్టుకున్నాడు, మనసు విరిగిపోయిందంటారు. నాకైతే సమ్మె చేసినవాళ్ళదే న్యాయమనిపించింది. చిన్నప్పుడు పేపర్లు వేసి కష్టం చూసిన మనిషి ఇంకోలా ఉండాల్సింది.

సమ్మె తర్వాత బయటికెళ్ళినవాళ్ళలో కొందరు యూపీఏ అనే స్టూడియోలో కలిశారు. వాళ్ళు నిజంలాంటి బొమ్మలు వద్దనుకున్నారు. నాలుగు గీతలు, రెండు రంగులు, వెనక ఖాళీ. 1950లో వాళ్ళు తీసిన జెరాల్డ్ అనే పిల్లాడి సినిమాకి ఆస్కార్ వచ్చింది. టామ్ అండ్ జెర్రీ తీసిన హానా, బార్బెరా కూడా 1957లో టీవీకి మారినప్పుడు డబ్బు చాలక ఇదే దారి పట్టారు. వాళ్ళ యోగి ఎలుగుబంటి మెడలో కాలరూ టై ఎందుకుంటాయో తెలుసా? షోకుకి కాదు. ఒళ్ళు అలాగే ఉంచి తల ఒక్కటే మార్చి మార్చి పెడతారు. అతుకు కనపడకుండా కాలరు అడ్డం.

వాల్ట్ మాత్రం 1959 దాకా వివరాల మీదే పోయాడు. స్లీపింగ్ బ్యూటీ అనే సినిమాకి చెట్టు చెట్టూ ఆకు ఆకూ గీయించాడు. 60 లక్షల డాలర్లయ్యింది, అంతా తిరిగి రాలేదు. స్టూడియోలో చాలామందిని పంపించేశారు. బొమ్మల విభాగమే మూసేస్తారేమో అన్న భయం వచ్చింది.

అలాంటప్పుడు ఎత్తుకున్న కథ నూటొక్క కుక్కలది. మామూలు కుక్కలైనా ఫరవాలేదు, ఒళ్ళంతా నల్లమచ్చలున్న డాల్మేషియన్ కుక్కలు. నడిచే కుక్క మీద ప్రతి మచ్చా దాని చోట అది ఉండాలి, తప్పితే మచ్చలు ఈగల్లాగా పాకుతున్నట్టు కనపడుతుంది. మచ్చలు తీసేద్దామా అంటే తీసేస్తే అది ఆ కుక్కే కాదు, కథే లేదు. సినిమా మొత్తంలో 64,69,952 మచ్చలని స్టూడియోవాళ్ళే లెక్క చెప్పారు. ఇక్కడ అక్కరకొచ్చాడు మన ఐవర్క్స్. అంతకుముందు పెన్సిల్ బొమ్మ మీద పారదర్శకమైన షీటు పెట్టి ఒక్కో గీతా ఇంకుతో మళ్ళీ గీసేవారు. ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవారు ఆ పని. ఐవర్క్స్ జిరాక్స్ మిషన్‌ని మార్చి, పెన్సిల్ గీత తిన్నగా షీటు మీద పడేలా చేశాడు. ఒక కుక్కపిల్ల బొమ్మ గీస్తే దాన్నే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. 1961లో సినిమా వచ్చింది, ఖర్చు బాగా తగ్గింది. గీతలు గరుకుగా ఉన్నాయని వాల్ట్‌కి నచ్చలేదు. నాకు మాత్రం ఆ గరుకే ఇష్టం, పెన్సిల్ పట్టుకున్న చెయ్యి కనపడుతుంది.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరు 15న ఊపిరితిత్తుల కాన్సర్‌తో చనిపోయాడు. సిగరెట్లు బాగా కాల్చేవాడు. ఐవర్క్స్ 1971లో పోయాడు. పోగొట్టుకున్న ఓస్వాల్డ్ కుందేలు 2006లో మళ్ళీ డిస్నీ కంపెనీ చేతికొచ్చింది, చూడ్డానికి ఇద్దరూ లేరు. 1990 నుంచి ఆ కంపెనీలో రంగులు వేయడం కంప్యూటర్లోకి మారింది. ఆయన దగ్గర స్నోవైట్, బాంబీలకి పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన, మన దేశంలోనే పుట్టిన అమెరికావాడు, 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్ళకి ఈ విద్య నేర్పాడు. 1957లో జాతక కథ మీద బన్యన్ డీర్ అనే బొమ్మల సినిమా అలా వచ్చింది. ఇంకో చిత్రం. డిసెంబరు 15 మన బాపు గారి పుట్టినరోజు. 1933లో నరసాపురంలో పుట్టారు. ఆయన బుడుగుని చూడండి, ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి, వేళ్ళ మీద అయిపోతాయి.

ఇంక మా బాతు సంగతి. ఇదంతా సగం చదివిన ఊపులో నేను ఈకలు తీసేశాను, మెడ వెంట్రుకలు తీసేశాను, చుక్కలు కూడా తీసేశాను. తేలిగ్గా తయారైంది. మా గ్రూపులో కొల్లేటి లంక నుంచి వచ్చిన యానాది మిత్రుడున్నాడు. వాళ్ళ నాన్న దోనె మీద వెళ్ళి వల వేస్తాడు. వాడు చూసి ఇది గూడబాతు కాదు, చెరువులో బాతు అన్నాడు. చుక్కల ముక్కు లేకపోతే మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఒప్పుకోరన్నాడు. నాకు కోపమొచ్చింది. గీసేది నేనా వాడా అని గట్టిగానే అరిచాను. రెండు రోజులు మాటల్లేవు. మెస్సులో కూడా వేరే వరసలో కూర్చున్నాం.

డాల్మేషియన్ల దగ్గరికి వచ్చాక పుస్తకం మూసి వాడి మంచం దగ్గరికెళ్ళాను. ముక్కుని వేరే ముక్కగా గీసి, చుక్కలు దాని మీద ఒక్కసారే పెట్టాం. ముక్కు తిరిగితే చుక్కలూ దానితో తిరుగుతాయి, మళ్ళీ గీసే పని లేదు. ఏడు చుక్కలు. ఎన్నుండాలో వాడే చెప్పాడు. మెడ అతికిన చోట మూడు ఈకలు అడ్డం పెట్టాను, యోగి కాలరు లాగా. కాళ్ళు నాకు కుదరక తలపట్టుకుంటే, బాతు నీళ్ళలో ఉంది కదా, కాళ్ళు ఎవడికి కనపడతాయని వాడే అన్నాడు. సగం పని తప్పింది. ఇప్పుడు మా బాతు మొత్తం ఆరు ముక్కలు: ఒళ్ళు, మెడ, తల, పైముక్కు, సంచి, రెక్క.

నలభై సెకన్లయ్యింది. ఇంకో ఇరవై ఉంది. చివర్లో పేర్లు వేసేటప్పుడు వాడి పేరు, నా పేరు ఒకే వరసలో, ఒకే సైజులో వేస్తున్నాం. వచ్చే శనివారం సాయంత్రం ఆటల తర్వాత కంప్యూటర్ రూములో చూపిస్తాం, కరెంటు ఉంటే. మొదటి ఈకల బాతు కాగితం ఈ గోడపత్రిక కింద అంటించాను. దయచేసి ఎవరూ పీక్కుపోవద్దు, రెండు వారాలు పట్టింది.

– తొమ్మిదో తరగతి విద్యార్థి